తొమ్మిది వన్నెల చిల్లర

యుద్ధం ఎక్కడో మంచుకొండల్లో.
చల్లారింది మాత్రం కొండిత్తోపులో
మా అరుగు మీద నాయన కుంపటి.

కార్తీకంలో ఇంకా రాజుతూనే ఉండింది.
ఆ నెల చైనాబజారు స్టాపు పేరు పిలవడానికి
బస్సు కండక్టరు కూడా గొంతు తగ్గించేవాడు.
బడి ముందు షామియానా వేసి
రక్షణ నిధికి నగలు పోగుచేశారు.
నాయన నన్ను భుజమ్మీద ఎక్కించుకుని
పళ్ళెంలో పడే గాజులు చూపించాడు.
"అది సుందరవల్లి గారిది, అతుకు దగ్గర చూడు, రెండు గీట్లు.
అదిగో, పాల డిపో ఆవిడది.
ఆ కమ్మలు మీ తాత చేసినవి."
మైకులో ఇచ్చినవాళ్ళ పేర్లు చదివారు.
చేసినవాళ్ళ పేర్లు నా చెవిలో చదివాడు నాయన.
కరిగిస్తారా అని అడిగాను.
"కరగడానికేగా చేసేది" అన్నాడు.
ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

కంసాలివి నూరు దెబ్బలు, కమ్మరిది ఒక్కటే అంటారు.
ఆ ఒక్కటీ జనవరిలో రేడియోలోంచి పడింది.
పద్నాలుగు క్యారెట్లు దాటి ఎవరూ నగ చెయ్యరాదు.
నాయన సుద్దముక్కతో గడప మీద లెక్క కట్టాడు.
మేలిమికి పదహారు వన్నెలు.
ఈ లెక్కన తొమ్మిది, పైన చిల్లర.
ఆ చిల్లర దగ్గర సుద్దముక్క చాలాసేపు ఆగింది.

తల్లి బంగారంలోనైనా కంసాలి కాస్త గీకుతాడని
లోకమంతా నవ్వేది, నాయనా కలిసి నవ్వేవాడు.
ఇప్పుడు సర్కారే తూచి మరీ రాగి కలపమంది.
ఒక్కసారి కలిపి చూశాడు.
కమ్మచ్చులో తీగ లాగితే
మూడో కంతలోనే తెగింది.
గీటురాయి మీద గీత
తెగిన వేలిలా ఎర్రగా.

పక్కవీధి ముకుందాచారి రిక్షా పట్టాడు.
ఎదురింటి కాళప్పాచారి సంగతి
పిల్లల ముందు ఎవరూ చెప్పలేదు.
ఆ రోజే అమ్మ
వెలిగారం డబ్బా పక్కనుండే ఇంకో డబ్బాని
కొంగులో దాచి తీసుకెళ్ళి
బకింగ్‌హాం కాలవలో పారేసి వచ్చింది.

తర్వాత మా ఇంటికి
మిలిటరీ దుస్తుల గుత్తేదారు బాబూజాన్ దగ్గర్నుంచి
బస్తాలో ఇత్తడి గుండీలొచ్చాయి.
అంచులకి ఆకురాయి పెట్టాలి, గ్రోసుకు నలభై పైసలు.
నాయన వెనకవైపు కూడా రాశాడు.
"అటు ఎవడు చూస్తాడయ్యా?" అన్నాడు బాబూజాన్.
"చలికి వేళ్ళు కొంకర్లు పోతాయంట అక్కడ.
అంచు కోసి దారం తెగితే
ఊడిన గుండీ ఎట్టా పెట్టుకుంటాడు?"
రోజుకు మూడు గ్రోసులు చెయ్యాల్సినవాడు
ఒకటిన్నర చేశాడు.
తక్కువైన ఒకటిన్నరని
అమ్మ బియ్యం డబ్బాలో చూసుకుంది.

ఎండలు ముదిరాక జలగడుగు అంకయ్య వచ్చాడు,
ఏటా వచ్చినట్టే, చీపురూ చెక్క మరిగే పట్టుకుని,
అరుగు మీది దుమ్ము కొనుక్కోవడానికి.
"ఈసారంతా ఇత్తడి పొట్టేరా" అన్నా వినలేదు.
బండల సందుల్లో గోటితో గీరి గీరి ఎత్తి
కొళాయి కింద కూర్చుని కడిగాడు.
మసి పోయింది. ఇత్తడి పోయింది.
నా విరిగిన పలకపుల్ల కూడా పోయింది.
అడుగున ఆవగింజలో సగం.

ఏ ఏటిదో. ఎవరి పెళ్ళిదో.

వేలికొసకి అంటించుకుని
నాయన గీటురాయి కోసం లోపలికి పరిగెత్తాడు.
గీస్తే ఉన్నదీ అరిగిపోతుందని
గడప మీదే, ఆ లెక్క మీదే ఆగిపోయాడు.
"అంకయ్యా, దీనిక్కూడా ఫారం నింపాలంటావా?"
ఇద్దరూ పగలబడి నవ్వారు.
నాయన అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో.
ఆ నవ్వు గాలికే
అది ఎగిరి ఎక్కడో పడింది.

ఆ రాత్రి బుడ్డిదీపం పట్టుకుని
గుండీల బస్తా జరిపి
అమ్మా నేనూ చాలాసేపు వెతికాం.
"పోనీండే" అన్నాడు నాయన,
తల ఎత్తకుండా,
ఇంకో గుండీ వెనక్కి తిప్పుకుంటూ.